గోడవైపు తిరిగి వినాలి

గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని నిలబడ్డ మనిషి వినేది వాయిద్యాన్నా, దాన్ని వాయించే చేతినా? ఈ ప్రశ్నకి ఆ వీధిలో చాలామంది చాలా రకాల జవాబులు చెప్పారు. ఎవరి జవాబూ నాలుగు రోజులు నిలవలేదు. ఇది రాస్తున్న చేతికీ ఇప్పటిదాకా తెలియదు. తెలిసుంటే వేళ్ళాయన కథ రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

వేళ్ళాయన అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టిన పేరు. మందుల దుకాణం దాటాక, కళ్ళజోళ్ళ దుకాణానికి ఆనుకుని ఒక వాయిద్యాల దుకాణం ఉండేది. రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉండేది. తలుపు పైన ఒక చిన్న ఇత్తడి గంట. ఎవరు లోపలికి వచ్చినా, బయటికి వెళ్ళినా అది ఒక్కసారి మోగేది. ముందు కీబోర్డులు, డ్రమ్ములు. మధ్యలో గోడకి వేలాడే గిటార్లు. చివర ఒక చిన్న గది. ఆ గదిలో వేళ్ళాయన బల్ల, బల్లమీద పటకారు, తీగల చుట్టలు, చెక్కకి రాసే నూనె, మూలల్లో దుమ్ము తీయడానికి ఒక అరిగిపోయిన పళ్ళబ్రష్షు, చింపిన పాత బనియను గుడ్డలు. తీగలు మార్చడం, శ్రుతి చేయడం, వదులైన మరలు బిగించడం ఆయన పని. వీటన్నిటికన్నా ముఖ్యమైన పని మరొకటుంది. అది గోడ పరీక్ష.

దాన్ని మొదలుపెట్టింది దుకాణం యజమాని. "ధర చూస్తే చెవులు మోసపోతాయి. రంగు చూస్తే ఇంకా మోసపోతాయి. అందుకని గోడవైపు తిరిగి వినండి," అనేవాడాయన, గిరాకీలతో. గిరాకీ ఖాళీ గోడవైపు తిరిగి నిలబడాలి. వెనక వేళ్ళాయన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఒక గిటారు వాయిస్తాడు. తీసి పక్కన పెట్టి రెండోది వాయిస్తాడు. రెండిటి మీదా ఒకటే చిన్న పాట. ఎవరిదీ కాదు, ఆయన వేళ్ళలో పుట్టినదే. నెమ్మదిగా మొదలై, ఒకచోట తీగ లాగి వదిలి, చివర్లో అన్ని తీగలూ కలిసి మోగుతాయి. వాయించే ముందు "ఒకటి", "రెండు" అనడమే తప్ప ఆయన మరో మాట మాట్లాడడు. వినేవాళ్ళలో చాలామంది తెలియకుండానే నుదురు గోడకి ఆనించేవాళ్ళు. అలా ఆనించి ఆనించి ఆ ఎత్తులో సున్నం నున్నగా, కొంచెం నల్లగా తయారైంది.

ఆ పరీక్షలో ఎప్పుడూ పోటీపడేవి అక్కా చెల్లెళ్ళు. ఆ పేర్లూ యజమానివే. అక్క అసలైన ఎలక్ట్రిక్ గిటారు. పాకం ముదిరిన బెల్లం రంగు. అద్దాల బీరువాలో తాళం వేసి ఉండేది. చెల్లెలు దాని అచ్చు నకలు. అదే ఒంపు, అదే రంగు, మీటల దగ్గర అదే మెరుపు. చవక చెక్కతో, చవక సామానుతో వేరే కార్ఖానాలో చేసినది. అక్క ఒక్కతే. చెల్లెళ్ళు మాత్రం ఒకటి వెళ్ళిపోగానే మరొకటి పెట్టెలో వచ్చేది.

తేడా ఏమిటంటే వేళ్ళాయన చెప్పగలిగేవాడు కాదు. బాగా బలవంతపెడితే, "చెల్లెలు పిలిస్తే పలుకుతుంది. అక్క పిలవకముందే తల తిప్పుతుంది," అనేవాడు. యాంప్లిఫయరు వైరు తగిలించి ఒక తీగ మీటి చెయ్యి తీసేస్తే, అక్క గొంతు ఇంకా గదిలోనే తిరిగేది. అంత చిన్న తేడా.

కానీ గోడవైపు తిరిగినవాళ్ళు మాత్రం ఎప్పుడూ "రెండోది" అనేవాళ్ళు. రెండోది చెల్లెలు. సంతోషంగా చెల్లెల్ని భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. యజమాని నుదురు కొట్టుకుని నవ్వేవాడు. "ఇదెక్కడి చోద్యంరా! అక్కకి సంబంధం కుదరకుండానే చెల్లెళ్ళందరూ కాపురాలకి వెళ్ళిపోతున్నారు!"

ఒక వాన మధ్యాహ్నం, గిరాకీ లేక ఈగలు తోలుకుంటున్న వేళ, ఆయనే ఒక మాటన్నాడు. "ఒరేయ్, దీన్నెవడూ కొనేలా లేడు. నువ్వు పని మానేసే రోజుకి కూడా ఇది ఇక్కడే ఉంటే నువ్వే పట్టుకుపోరా. కాటుక పెట్టి సాగనంపుతాను."

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వేళ్ళాయనా నవ్వాడు. నవ్వి, గదిలోకి వెళ్ళి, అక్కర్లేని గిటారుకి అక్కర్లేని తీగ ఒకటి మార్చాడు. మర్నాటి నుంచి పొద్దున్నే అద్దాల బీరువా తుడిచే పని ఆయన ఇంకెవరికీ వదల్లేదు.

ఇంట్లో ఆయనకి గిటారు లేదు. భార్య చొక్కాలు కుట్టేది. ముందు గదిలో సగం ఆవిడ మిషనుదే. "ఆ చెల్లెళ్ళలో ఒకదాన్ని తెచ్చుకోరాదూ? సాయంత్రాలు వాయించుకుందురుగాని," అని ఆవిడ అప్పుడప్పుడూ అనేది.

"చెల్లెల్ని తెచ్చుకుంటే రేపు పొద్దున అక్క మొహం ఎలా చూడను?"

"ఇన్నేళ్ళుగా నా మొహం చూస్తున్నారుగా. మీకేం సిగ్గు?"

యజమాని పోయాక దుకాణం ఆయన కూతురి చేతికి వచ్చింది. చిన్నప్పుడు డ్రమ్ముల వెనక దాక్కుని నిద్రపోయిన పిల్ల. వేళ్ళాయన్ని బాబాయ్ అనేది. పని మానేసే రోజు దగ్గరపడుతుంటే ఒక ఉదయం తనే కదిపింది. "బాబాయ్, నాన్న ఏదో అన్నాడట కదా, అక్క సంగతి?"

"ఊరికే అన్నాడమ్మా. నవ్వులాటకి."

"నాన్న నవ్వులాటకి అన్న మాటలే నిలబెట్టుకునేవాడు. మామూలుగా అన్నవి మర్చిపోయేవాడు. నీ ఆఖరి రోజు దాకా అమ్ముడుపోకపోతే అది నీదే. అలాగని కొంటానంటూ వచ్చినవాళ్ళని పొమ్మనలేను, దుకాణం కదా. సరేనా?"

"సరేనమ్మా," అన్నాడు. ఆ రోజు నుంచి, అంతవరకూ నవ్వులాటగా ఉన్నది కోరికై కూర్చుంది. కోరికని పైకి చెప్పుకోవచ్చు, అడగవచ్చు. ఆయన మాత్రం ఆ అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడడం తప్ప ఇంకేమీ చేయలేదు.

ఆ రోజుల్లోనే భార్య మధ్యాహ్నం భోజనం క్యారియరు పట్టుకుని దుకాణానికి వచ్చింది. అప్పుడే గోడ పరీక్ష నడుస్తోంది. ఒక బ్యాంకు ఉద్యోగి నుదురు గోడకి ఆనించి వింటున్నాడు. ఆవిడ మూల కూర్చుని చూసింది. బ్యాంకాయన "రెండోది" అని, చెల్లెల్ని మోసుకుని గంట మోగించుకుంటూ వెళ్ళిపోయాడు. గదిలో ఇద్దరూ తినడానికి కూర్చున్నారు.

"నాకు సంగీతం తెలీదు గానీ, మీ భుజం తెలుసు," అంది ఆవిడ, మూత తీస్తూ.

"నా భుజానికేం?"

"మొదటిది వాయిస్తున్నప్పుడు చెవి దాకా ఎగలాగి ఉంటుంది. రెండోది ఎత్తుకోగానే దిగిపోతుంది. చలిలో వచ్చినవాడు పొయ్యి దగ్గర చేరినట్టు. భుజాల కొలత తీసుకునేదాన్ని, నాకు కనపడదా? మొదటిది మీరు వాయించట్లేదు, రెండోదానికోసం చెయ్యి సాగదీసుకుంటున్నారు." నవ్వి, "అది సరే, మొదట ఎప్పుడూ దేన్ని వాయిస్తారు?" అంది.

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అద్దంలోదాన్నా?"

"తాళం తీసి ముందు దాన్ని తీస్తాను. దుమ్ము పడకుండా త్వరగా లోపల పెట్టేయచ్చని," అన్నాడు. ఇన్నేళ్ళూ తనకి తాను చెప్పుకున్న కారణం అదే. పైకి అన్నాక అదెంత పల్చగా ఉందో ఆయనకే వినిపించింది.

ఆవిడ కూర గిన్నె ఆయన వైపు జరిపింది. "తినండి, చల్లారిపోతోంది," అంది. తేలు కుట్టిన దొంగలా ఆయన తల వంచుకుని తిన్నాడు. యజమాని బతికున్న రోజుల్లో కూడా అక్కనే ముందు తీశాడు. ఆ వానరోజు మాటకి ముందు కూడా అక్కనే ముందు తీశాడా? గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఒకసారి అవునన్నట్టుగా ఉంది. మరోసారి కాదన్నట్టుగా ఉంది. జ్ఞాపకం కూడా గోడవైపు తిరిగి నిలబడింది.

పని మానేయడానికి కొద్ది రోజులే ఉన్నాయనగా ఒక అంబులెన్సు డ్రైవరు వచ్చింది. నలభై దాటిన మనిషి. యూనిఫాం చొక్కాతోనే, డ్యూటీ దిగి వచ్చింది. భుజాన గిటారు సంచి. కౌంటరు మీద పెట్టి జిప్పు లాగింది. లోపల చెల్లెలు. తీగలు తుప్పు పట్టి, చెక్క వన్నె తగ్గి, చూడగానే వేళ్ళాయన ప్రాణం చివుక్కుమంది.

"నన్ను గుర్తుపట్టరు లెండి మాస్టారూ. ఇక్కడే, ఆ గోడ దగ్గరే నిలబడి దీన్ని తీసుకున్నాను. మీరు వాయిస్తుంటే నా వెన్ను జలదరించింది. ఇంటికెళ్ళి నేను వాయిస్తే డబ్బామీద కొట్టినట్టుండేది. ఏళ్ళ తరబడి కూర్చున్నాను మాస్టారూ. డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కూర్చునేదాన్ని. మావారు, 'నీ వేళ్ళు స్టీరింగుకే పుట్టాయి, దాన్నెందుకు ఏడిపిస్తావు' అనేవారు. సరదాకే అనేవారు. నేను నిజమే అనుకున్నాను."

యజమాని కూతురు కుర్చీ జరిపింది. ఆవిడ కూర్చోలేదు.

"మొన్న ఒక రోగిని ఎక్కించుకున్నాను. గిటారు వాయించే మనిషే. దారంతా కబుర్లు. 'గిటారు మంచిదైతే వేళ్ళు వాటంతటవే నేర్చుకుంటాయి, ఒకసారి అసలుదాన్ని పట్టుకుని చూడు' అన్నాడు. అందుకని వచ్చాను. ఊరికే కొనను. మళ్ళీ గోడవైపు తిరుగుతాను. ఈసారీ నా చెవికి ఈ నకలే బాగుందంటే తప్పు దానిది కాదు, నాదే. దీన్ని ఇక్కడే ఇచ్చేసి ఇంక గిటారు మొహం చూడను."

వేళ్ళాయన ఆ చెల్లెల్ని తీసుకుని, "తీగలు మార్చి తెస్తాను," అని గదిలోకి వెళ్ళాడు.

పాత తీగలు తీసి కొత్తవి ఎక్కిస్తున్నంతసేపూ ఆయన బుర్ర అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది. అక్కని ముందు వాయిస్తే ఆవిడ "రెండోది" అంటుంది. గిటారు వదిలేసి వెళ్ళిపోతుంది. అక్క తనదవుతుంది. చెల్లెల్ని ముందు వాయిస్తే అక్క వెళ్ళిపోతుంది. ఇంతకాలం తెలియక చేశాననైనా అనుకోవచ్చు. ఇప్పుడు ఏది చేసినా తెలిసి చేసినట్టే. భార్య మీద కోపం వచ్చింది. ఆవిడ ఆ మాట అనకపోయి ఉంటే!

మధ్యదారి ఒకటి తోచింది. చేతులు ముందే వేడెక్కించుకుంటే రెండిటికీ న్యాయం జరుగుతుంది కదా. టీ గ్లాసు రెండు అరచేతుల మధ్యా పట్టుకున్నాడు. వేళ్ళు విరుచుకున్నాడు. కొత్త తీగల మీద ఆ చిన్న పాట మెల్లగా వాయించి చూసుకున్నాడు. భుజం దిగింది. హమ్మయ్య అనుకుని బయటికి వచ్చాడు.

స్టూలు మీద కూర్చుని తలెత్తితే ఎదురుగా ఆవిడ వీపు. యూనిఫాం చొక్కా భుజాల మధ్య చెమటకి అతుక్కుపోయి ఉంది. నుదురు అప్పటికే గోడకి ఆనించింది. ఆ వీపు చూడగానే ఆయన వేళ్ళు మళ్ళీ కొయ్యబారిపోయాయి. బిగుసుకునేది చలికి కాదని ఆయనకి అప్పుడు తెలిసింది. మనిషి నమ్మి వీపు చూపించినప్పుడు బిగుసుకునేవి ఆ వేళ్ళు. ఒక పాట అయ్యేదాకా వదలవు. దానికి మందు లేదు.

చేతిలో చెల్లెలు ఉంది. అక్క తాళం జేబులో ఉంది. యజమాని కూతురు ఫోను పక్కన పెట్టి చూస్తోంది.

"ఒకటి," అన్నాడు. చెల్లెల్నే వాయించాడు.

పాట తప్పులేకుండా వచ్చింది. అంతకన్నా ఏమీ రాలేదు. లేచి తాళం తీసి, అక్కని ఒడిలో పెట్టుకుని, వైరు తగిలించాడు. "రెండు."

భుజం దిగింది. ఇక ఆయన చేయగలిగిందేమీ లేకపోయింది. ఇన్నేళ్ళూ అక్కని వాయించినదంతా బిగుసుకున్న వేళ్ళతోనే. వదులైన వేళ్ళతో ఆయనే దాన్ని ఎన్నడూ వినలేదు. లాగి వదిలిన తీగ దగ్గర ఆ గొంతు దుకాణమంతా నిండి, వేలాడుతున్న మిగతా గిటార్ల తీగల్ని కూడా సన్నగా కదిపింది. ఇలా వాయించకూడదని ఒక పక్క అనుకుంటూనే ఉన్నాడు. వేళ్ళు వినలేదు.

"రెండోది," అంది ఆవిడ, గోడతోనే.

ఆ మాటకి ఆయన ఉలిక్కిపడ్డాడు. అక్క వెళ్ళిపోతున్నదని కాదు, అదే మాట అయినందుకు. చెల్లెలు రెండోదైనప్పుడూ రెండోదే అన్నారు. అక్క రెండోదైనప్పుడూ రెండోదే. మరి ఆవిడ విన్నది దేన్ని?

"ఇంకోసారి... వరస తిప్పి వాయిస్తానమ్మా. అప్పుడు చెప్పండి," అన్నాడు.

యజమాని కూతురు పకపకా నవ్వింది. "అయిపోయింది! బాబాయ్, దాన్ని వదలబుద్ధి కావట్లేదా? మీకు తెలీదులెండి, ఎవరూ కొనకపోతే అది ఈయనకే. అందుకని మళ్ళీ మళ్ళీ వాయిస్తానంటున్నాడు."

నవ్వులాటకే అంది. తండ్రి పోలిక. కానీ అంబులెన్సు ఆవిడ వెనక్కి తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "అయ్యో, నాకు తెలీదు మాస్టారూ. మీరు ఆశపడ్డారంటే నేను వెళ్ళిపోతాను. నిజంగా."

ఇక నోరెలా విప్పగలడు? మళ్ళీ వాయించి చూద్దామంటే అక్కకోసం పేచీ పెట్టినట్టు. వద్దంటే నిజం దాచినట్టు. నా చెయ్యి ఇలాంటిది అని చెప్పేస్తే? ఇన్నేళ్ళ గిరాకీలందరూ, నుదుటి జిడ్డు అంటిన ఆ గోడా, పోయిన యజమానీ అందరూ అబద్ధమైపోతారు. ఈవిడ ఇప్పుడే పట్టుకున్న కాస్త ధైర్యమూ జారిపోతుంది. పైగా అంతా విన్నాక, తనకోసమే చెప్పాడనుకుంటారు. ఏ మాట అన్నా అది చివరికి అక్కని తన ఇంటికే చేర్చేలా ఉంది.

"ఛఛ, నాకెందుకమ్మా ఈ వయసులో. మీదే. తీసుకెళ్ళండి."

"అయితే ఒక్క మాట చెప్పండి. తప్పు నా వేళ్ళది కాదుగా?"

"మీ వేళ్ళది కాదు," అన్నాడు వెంటనే. ఆ రోజంతటిలో ఆయనకి ఖాయంగా తెలిసిన నిజం అదొక్కటే.

అక్కని మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టెలో పడుకోబెట్టి, కొక్కేలు బిగించి ఇచ్చాడు. ఆవిడ తన చెల్లెల్ని మార్పిడి కింద దుకాణానికే వదిలేసింది. గంట మోగింది. ఖాళీ బీరువాకి ఆయన అలవాటుగా తాళం వేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య చొక్కా కాలరు కుడుతూ, ఆయన మొహం చూసి మిషను ఆపింది.

"ఏది ముందు వాయించారు?"

"చెల్లెల్ని."

ఆవిడ సూది కింద గుడ్డని సర్దింది. "నా నోరు కుట్టేసుకోవలసింది," అంది చివరికి.

"నువ్వు కాకపోతే ఇంకెవరు చెబుతారులే."

"ఆవిడకి మంచి జరిగింది కదా?"

"ఏమో," అన్నాడాయన. "నాకు తెలిస్తే బాగుండు."

ఆఖరి రోజున దుకాణం మధ్యలో డ్రమ్ములు పక్కకి జరిపి కుర్చీలు వేశారు. కళ్ళజోళ్ళాయన, మందుల దుకాణం దంపతులు, పాత గిరాకీలు కొందరు వచ్చారు. బ్యాంకాయన కూడా వచ్చాడు. "మీరు వాయించినట్టు నాకు రావట్లేదండీ, ఇంకా సాధన చేయాలి," అని చేయి కలిపాడు. వేళ్ళాయన ఆ చేతిని అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపు పట్టుకుని వదిలాడు. భార్య ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. టీ తిరిగింది, కేకు తిరిగింది. యజమాని కూతురు గొంతు సవరించుకుంది.

"నాన్న బాబాయ్‌కి అక్కనిస్తానన్నాడు. అది కాస్తా పెళ్ళి కుదిరి వెళ్ళిపోయింది. కానీ ఒట్టి చేతులతో పంపుతామా?" అంటూ కౌంటరు వెనకనుంచి ఒక గిటారు తీసి ఆయన చేతుల్లో పెట్టింది. అంబులెన్సు ఆవిడ వదిలేసి వెళ్ళిన చెల్లెలు. మెరుగు పెట్టించింది. మీటలు తళతళలాడుతున్నాయి. తీగలు మాత్రం ఆయన ఎక్కించినవే. "మన చేతులమీదుగానే వెళ్ళింది, మళ్ళీ మన చేతికే వచ్చింది. చూశావా బాబాయ్, నీకు ఇదే రాసిపెట్టి ఉంది!"

అందరూ చప్పట్లు కొట్టారు.

"చాలా బాగుందమ్మా," అన్నాడు.

"అయితే వాయించు! అందరూ లేవండి, లేవండి. గోడ పరీక్ష! మర్యాదగా గోడవైపు తిరగండి. పిన్నీ, నువ్వు కూడా."

నవ్వుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ అందరూ గోడవైపు తిరిగారు. కళ్ళజోళ్ళాయన కేకు పళ్ళెంతో సహా తిరిగాడు. భార్య చివర నిలబడింది. ఆవిడ మటుకు నుదురు ఆనించలేదు, భుజాలు నిటారుగా పెట్టి నిలబడింది. "ఒకటి అను బాబాయ్!" అని యజమాని కూతురు గోడతోనే అరిచింది. నవ్వులు మెల్లగా సద్దుమణిగాయి. దుకాణంలో యాంప్లిఫయరు హోరు ఒక్కటే మిగిలింది.

వేళ్ళాయన ఆ వీపులన్నిటినీ చూశాడు. ఒకటి అన్నాక రెండు అనాలి. వేళ్ళు వదులయ్యేది రెండోదానికే. ఆ రెండోది ఎక్కడుంది?

చెల్లెల్ని స్టూలు మీద పడకుండా ఆనించి పెట్టాడు. వైరు కాలికి తగలకుండా దాటి, వాళ్ళ వెనకగా నడిచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. చెయ్యెత్తి గంటని వేళ్ళతో గట్టిగా పట్టుకున్నాడు. రెండో చేత్తో తలుపు తీశాడు. బయటికి అడుగుపెట్టి, తలుపు సందులోంచి చెయ్యి తీసుకునే ముందు, గంట కదలిక పూర్తిగా ఆగేదాకా ఆగి, వదిలాడు.

లోపల అందరూ గోడవైపు తిరిగి, వినడానికి సిద్ధంగా ఉన్నారు.